ఆయన పిసినారి కాదు, మా పెరట్లో పొగ ఆపిన మనిషి

నా పేరు నూకాలమ్మ. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో రాసిపెట్టినవాళ్లు లేరు. సింహాచలం కొండ కింద చిన్నకొడుకు ఇంట్లో ఉంటాను. కొడుకు, కోడలు, మనవరాలు హారిక, నేను. నాకు చదువు రాదు. నేను చెబుతున్నాను, హారిక టైప్ చేస్తోంది. ఒక్క మాట కూడా మెత్తబరచొద్దని దానికి ముందే చెప్పాను.

నిన్న పొద్దున్నే ఫోన్. సన్యాసిరావు గారు పోయారు.

చేతిలో టీ చల్లారిపోయింది. మొన్న ఆదివారమే కదా ఫోన్ చేసి "మందులేసుకుంటన్నావా, ఎగ్గొడతన్నావా?" అని నన్ను కసురుకున్నారు!

తెలియనివాళ్లకి చెబుతున్నాను. డెబ్బైల చివర్లో, ఎనభైల్లో ఆయన పోర్టు దగ్గర ఒక చిన్న ఆఫీసులో హెడ్ గుమస్తా. ఓడల్లో వచ్చే సరుకుకి కాగితాలు నడిపే ఆఫీసు. అక్కడ ఊడ్చి, తుడిచి, టీలు అందించే పని నాది.

ఇప్పుడు అసలు సంగతి.

నిన్న సాయంత్రం, చితి ఇంకా ఆరలేదు. పాత ఆఫీసు వాళ్ల వాట్సాప్ గ్రూపులో అప్పారావు గారు మెసేజ్ పెట్టారు. ఈయన అప్పట్లో మా టైపిస్టు.

"మన పిసినారి గుమస్తా వెళ్లిపోయాడు. RIP. పైన కూడా కాగితం రెండు వైపులా రాయిస్తాడేమో."

కింద వరసగా నవ్వు బొమ్మలు.

పోయిన మనిషి ఫోన్లోకి కూడా ఆ మెసేజ్ వస్తుందని గ్రూపులో నవ్విన మీకెవరికీ తోచలేదు. ఆ ఫోన్ ఆయన భార్య తాయారమ్మ గారి చేతిలో ఉంది.

ఆవిడ చదివారు. పక్కనే కూర్చున్న నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇంట్లో ఎప్పుడూ అలా లేరు నూకాలమ్మా. ఓనరు దగ్గర మంచోడు అనిపించుకోడానికి ఆపీసులో మిమ్మల్నందర్నీ పీడించారేటి?"

ఆ ప్రశ్నకే ఈ పోస్ట్.

మా ఆఫీసు వెనక చిన్న పెరడు. రోజూ సాయంత్రం అక్కడ చెత్త తగలబెట్టేవారు. ఉత్త కాగితాలైతే సరే. కార్బన్ పేపర్లు, కాపీలు తీసే మైనపు స్టెన్సిళ్లు, ప్లాస్టిక్ కవర్లు, అన్నీ కలిపి. నల్లటి పొగ. గొంతులో జిగురులా అంటుకునేది.

ఆ పెరటి వరండాలోనే గోనెసంచి ఉయ్యాలలో నా కూతురు పైడితల్లి పడుకునేది. అప్పుడప్పుడే అడుగులేస్తోంది. ఇంటి దగ్గర చూసేవాళ్లు లేరు.

ఒకరోజు గుమస్తా గారు కాళ్లు కడుక్కోడానికి వెనక్కి వచ్చారు. పిల్ల దగ్గుతోంది. దగ్గరికెళ్లి తన చేతిరుమాలుతో దాని ముక్కు తుడిచారు. రుమాలు నల్లగా అయింది.

 అదే రుమాలు పట్టుకుని ఓనరు గదిలోకి వెళ్లారు. నేను బయట గచ్చు తుడుస్తున్నాను, అంతా వినబడింది.

"ఆ మంట ఆపించండి బాబూ. పొగ పసిపిల్ల ముక్కులోకి పోతంది."

ఓనరు పగలబడి నవ్వాడు. "పోర్టు ముందర కూకుని పొగంటే బయమేటయ్యా నీకు? ఎల్లి పని సూసుకో."

మర్నాడు మళ్లీ వెళ్లారు. ఈసారి రుమాలు లేదు, పొగ మాటే లేదు.

"కాగితం ఒక పక్కే వాడి కాల్సేత్తన్నాం బాబూ. రెండో పక్క కూడా వాడితే మీకు కర్సు తగ్గుతాది. మంట ఎందుకు, దండగ."

వెంటనే ఒప్పేసుకున్నాడు. "అయితే నువ్వే సూసుకో. ఎవడైనా ఏడిస్తే నీ పేరే సెప్తాను."

బయటికొచ్చి నాతో అన్నారు: "ఆయనకి పిల్ల దగ్గు ఇనబడదు నూకాలమ్మా. కర్సు ఇనబడతాది. నన్ను పిసినారనుకోనీ. పొగ ఆగుతాది కదా."

ఆ రోజు నుంచి రఫ్ పనికంతా వాడిన కాగితం వెనకవైపే. అక్షరం కనబడనంత వరకూ అదే కార్బన్. ప్లాస్టిక్ కవర్లు కడిగి తాడు మీద ఆరేసి మళ్లీ వాడడం. మిగిలిన కాగితం పాత కాగితాలవాడికి. గ్లాసులు కడిగిన నీళ్లు గోడవార గన్నేరు మొక్కలకి. తగలబెట్టడానికి ఏమీ మిగలనివ్వలేదు ఆయన.

మాటలు మాత్రం ఎన్ని పడ్డారో. అప్పారావు గారూ, మీ మాటే గుర్తుచేస్తాను. "ఈయన పోతే పాడెకి కూడా పాత కర్రలే ఎతుక్కోవాల్రా బావా!" ఆయన వెనకే నిలబడి విన్నారు. విని, మీ టేబుల్ కింద పడిన కాగితం తీసి, మడత సాపు చేసి, మీ ముందే పెట్టి వెళ్లారు.

నా పైడితల్లి బతకలేదు.

పొగ ఆగింది. తర్వాత వచ్చిన వానల్లో దానికి రొప్పు పట్టుకుంది. పెద్దాసుపత్రిలో నా ఒళ్లోనే పోయింది. ఆ పెరటి పొగే తీసుకుపోయిందని నేను ఒట్టేసి చెప్పలేను. ఊరంతా దుమ్మే, ఊరంతా మసే.

పనిలోకి తిరిగొచ్చాక ఆయన దగ్గరికెళ్లి అన్నాను. "ఇంక ఎవరికోసం బాబూ ఈ మాటలు పడతారు? కాల్సుకోనీండి. నా పిల్ల ఇంక ఆ ఉయ్యాల్లో లేదు కదా."

ఆయన కిటికీలోంచి పెరటి గోడవైపు చెయ్యి చూపించారు.

"గోడవతల ఓడ సరుకు మోసే కళాసీల పిల్లలు లేరేటే? ఆళ్లు పీల్సేది ఏ గాలి?"

రిటైరయ్యేదాకా ఆ పెరట్లో మళ్లీ మంట వెయ్యనివ్వలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. నన్నూ చెప్పనివ్వలేదు. "సెప్తే నవ్వుతారు. నవ్వి మళ్లీ ఎలిగిత్తారు" అన్నారు.

ఇప్పుడు ఆయన లేరు. నా నోటికి అడ్డం లేదు.

అప్పారావు గారూ, నవ్విన పెద్దమనుషులూ, మెసేజ్ డిలీట్ చేస్తే చాలదు. పెద్దకర్మ రోజు సీతమ్మధారలో ఆ ఇంటికి రండి. తాయారమ్మ గారి ఎదురుగా నిలబడి ఆ మాట వెనక్కి తీసుకోండి. నేను గుమ్మంలోనే కూర్చుని ఉంటాను. రాకపోతే మీ ఇంటికి నేనే వస్తాను.

నిన్న ఆడవాళ్లని శ్మశానంలోకి రానివ్వలేదు. గోడ బయట నిలబడ్డాను. గాలి తిరిగి పొగ నా మీదికే వచ్చింది.

మీరున్నన్నాళ్లూ నా మీదికి రానివ్వలేదు కదా బాబూ.

వెళ్లిరండి గుమస్తా గారూ. పొగలేని చోట చల్లగా ఉండండి. అక్కడ నా పిల్ల కనబడితే, దాని ముక్కు ఒకసారి చూడండి.

నూకాలమ్మ వేలిముద్ర (ఫోటో కింద పెట్టాము)

సాక్షులు: తాయారమ్మ, ఆయన భార్య. మొత్తం చదివారు.
హారిక, మనవరాలు. చెప్పింది చెప్పినట్టు టైప్ చేశాను.