గంజి తాగిన తొట్టి

బుధవారం పొద్దున ఏడింటికి చేగుంటలో మెదక్ బస్సెక్కాను. కుట్టుమిషన్‌కు సెలవిచ్చి, సంచిలో మూడు చీరలు, గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న మురుగునీటి శుద్ధి పుస్తకం పెట్టుకున్నాను. తొమ్మిదో తరగతితో బడి మానినా, మా గ్రంథాలయం సైన్సు అరలో నేను చదవని పుస్తకం లేదు. ఆధార్ చూపితే కండక్టర్ ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ ఇచ్చాడు. పక్కసీటులో పూలగంపతో ఉన్న పెద్దామె అడిగింది.

"చర్చి చూడవోతున్నవా బిడ్డా?"

"కాదవ్వా, మోరినీళ్లు చూడవోతున్న."

ఆమె గంపను కొంచెం అటు జరుపుకుంది.

మా తమ్ముడు యాదగిరి మెదక్‌లో ఒక ప్రైవేటు హాస్టల్లో మురుగునీళ్లు శుద్ధి చేసే తొట్లు నడుపుతాడు. ఆ నీళ్లు పక్కనున్న మల్లయ్య పొలానికి పారుతాయి. ఈసారి వరి నల్లగా ఏపుగా పెరిగి, గింజ పట్టకుండా పడిపోయింది. మల్లయ్య కాలువకు మట్టి కొట్టి నీళ్లు రాకుండా ఆపేశాడు. నీళ్లలో నైట్రేట్ ఎక్కువుందని తేలింది. శనివారం పరీక్షకు తగ్గకపోతే ఇంకో మనిషిని చూసుకుంటానని మేనేజర్ యాదగిరికి చెప్పేశాడు.

ఎనిమిదిన్నరకు దిగాను. బస్టాండు బయట ఇడ్లీ, చాయ్ అయ్యాక ఆటోలో హాస్టల్‌కు చేరాను. వెనకవైపు రెండు తొట్లు. రెండింట్లోనూ పొయ్యి మీద ఎసరులా బుడగలు పొంగుతున్నాయి.

"రెండింటికీ గాలెందుకురా?"

"మొదటిదానికి లేకుండెనక్కా. నేనే పైపు ఏసిన. ఊకె ఉంటే బందువడ్డదనుకుంటరు గద."

మెట్ల మీద కూర్చోబెట్టి పుస్తకం చదివి వినిపించాను. మురుగులోని నైట్రోజన్‌ను, గాలి ఉన్న రెండో తొట్టిలో ఒక జాతి బాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది. పంపు ఆ నీళ్లను మళ్లీ మొదటి తొట్టికి పంపుతుంది. అక్కడ గాలి దొరకని ఇంకో జాతి నైట్రేట్‌లోని ఆక్సిజన్‌తోనే బతుకుతుంది. నైట్రోజన్ వాయువై ఎగిరిపోతుంది. తమ్ముడు అడక్కుండానే గాలి పెట్టి, ఆ జాతి పని చెడగొట్టాడు.

"అంటే ఊపిరాడకుంటేనే పంజేస్తయా? మా మేనేజర్‌కు చెప్పకక్కా, మాకు గూడ గట్లనే చేస్తడు."

మొదటి తొట్టికి గాలి ఆపి, నెమ్మదిగా కలిపే మోటారు మాత్రం ఉంచాం. గురువారం పొద్దున, బయటికొచ్చే నీళ్లలో, నైట్రేట్ ఉంటే గులాబీకి తిరిగే పరీక్ష కాగితం ముంచితే ముదురు రంగే వచ్చింది. తగ్గింది తక్కువే. పేజీ తిప్పాను. ఆ జాతికి తిండి కూడా కావాలట. స్నానాల నీళ్లే ఎక్కువున్న ఈ మురుగులో తిండెక్కడిది? అప్పుడే వంటింటి నుంచి అన్నం వార్చిన వాసన వచ్చింది. హాస్టల్ గంజి అంతా వంట చేసే బాలమణి బర్రెలకు పోతుంది. తొట్టిలోని బాక్టీరియాకు కొంచెం ఇమ్మని అడిగాను.

"మా బర్రెల నోటికాడిది గుంజి పురుగులకు పోస్తవా?" అంది బాలమణి, గరిటె దించకుండా.

"ఒక్క బకెట్టక్కా. మిగిలింది నీ బర్రెలకే."

"పాలిస్తయా అవి?"

"యాదగిరి కొలువు నిలబెడ్తయి."

ఆమె నన్ను చూసి, తమ్ముణ్ని చూసి, బకెట్ ముందుకు తోసింది. "సల్లారినంక పొయ్యుండ్రి. నోరు కాల్తది."

రోజంతా కొంచెం కొంచెంగా పోశాం. శుక్రవారానికి రంగు సగం దిగింది. తొట్టి మీద ఆవగింజలంత బుడగలు అక్కడక్కడ తేలుతున్నాయి. వెళ్లిపోతున్న నైట్రోజన్ అదే. పుస్తకంలో అరపేజీ ఉన్న సంగతిని అరగంట నిలబడి చూశాను.

శనివారం పదింటికి మేనేజర్, మల్లయ్య వచ్చారు. కాగితం ముంచి ఆగాం. యాదగిరి కాగితం వైపు చూడలేదు, నా వైపే చూస్తున్నాడు. కాగితం మీద రంగు ఉందా లేదా అన్నట్టుంది. అయినా మేనేజర్ మొదటి తొట్టి దగ్గర ఆగాడు.

"ఇదేంది, బందున్నది?"

నేను పుస్తకం తెరిచేలోపే వంటింటి గుమ్మంలోంచి బాలమణి అందుకుంది. "బందు లేదు సారూ. గంజి తాగి పంజేస్తున్నయి. గాలి పెట్టి పరేషాన్ చెయ్యకుండ్రి."

మల్లయ్య పార తీసుకుపోయి కాలువలో మట్టి తీశాడు. మేనేజర్ మోటారు గది తాళాలు యాదగిరి చేతికే ఇచ్చి వెళ్లిపోయాడు.

ఒంటిగంట బస్సుకు తిరుగుప్రయాణం. ఒళ్లో బాలమణి ఇచ్చిన పెరుగు డబ్బా. పక్కన కూర్చున్నామె "మెదక్‌కొచ్చి చర్చి సూడకపోతివా? మరేం జూసినవ్?" అంటే, "బుడగలు" అన్నాను. మీరూ వెళ్తే, పొంగే తొట్టినొక్కదాన్నే చూసి తిరిగి రాకండి. పక్కన ఊరికే ఉన్నట్టు కనిపించే దాని దగ్గర కాసేపు నిలబడండి. వట్టిచేతులతో మాత్రం వెళ్లొద్దు. గంజి తెచ్చిండ్రా అని బాలమణి అడుగుతుంది.