చేతి వేగం

తాతల నాడు మనవాళ్ళు చెరుకు కూలికి వలసపోయిన దీవిలో సైన్యం ప్రభుత్వాన్ని పడదోసిన ఏడాది, ఊళ్ళో సబేటో రోడ్డు మీద తుపాకులు చూసి, చెరుకు రైతు రంగస్వామి తన కూతురు కుసుమ్‌ని రెండో క్లాసులోనే బడి మాన్పించేశాడు. పాము కరిచినవాడు తాడుని చూసినా జడుసుకుంటాడంటారు. రంగస్వామిని ఏ పామూ కరవలేదు, అయినా జడుసుకున్నాడు! గొడవలు సద్దుమణిగి ఊళ్ళో పిల్లలంతా మళ్ళీ స్కూలు బస్సెక్కినా, కుసుమ్ మాత్రం గుమ్మంలో నిలబడి ఆ బస్సుని చూస్తూ ఉండిపోయింది.

చదువు చెప్పలేదా అంటే, చెప్పాడు పాపం. లెక్కలు, ఇంగ్లీషు, తనకొచ్చిన నాలుగు తెలుగు పద్యాలు. తల్లి కుట్టుమిషను నేర్పింది. ఇంట్లో సూత్రం ఒక్కటే: "పక్కకి చూడకు, పని అయ్యేదాకా తల ఎత్తకు." చూద్దామన్నా పక్కన ఎవరున్నారు గనక? స్నేహితురాలంటూ ఒక్కతీ లేకుండానే ఆ పిల్లకి పంతొమ్మిదేళ్ళొచ్చాయి.

అప్పుడే పొలం లీజు ముగిసి, చెరుకు చేజారింది. కుసుమ్ లౌటోకా పట్నంలో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. పక్క మిషను బాలమ్మది. యాభై దాటిన మనిషి, చూపు కాస్త మందగించింది. మొదటిరోజే తన రొట్టె సగం తుంచి కుసుమ్ చేతిలో పెట్టింది. ఎదుటి మిషను కాంత "శనివారం బజారు పోదాం, వస్తావా?" అంది. కుసుమ్‌కి ఆ రోజంతా కాళ్ళు నేల మీద నిలవలేదు. వీళ్ళ మధ్య చోటు దొరికితే చాలనుకుంది, ఇంకేమీ కోరలేదు.

ఆ సంబరంలోనే కొంప ముంచుకుంది. తల వంచుకుని కాలర్లు కుట్టేస్తుంటే గుట్ట పెరిగిపోయింది. సూపర్‌వైజర్ చూశాడు. "నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల చేస్తోంది, మీకేం రోగం?" అని అందరి టార్గెట్ పెంచేశాడు.

మధ్యాహ్నం కుసుమ్ డబ్బా తీసుకుని వెళ్తే, బెంచీ మీద ఖాళీ చోట కాంత తన సంచీ పెట్టేసింది. ఎవరూ తలెత్తలేదు. కుసుమ్ డబ్బా విప్పకుండానే వెనక్కి తిరిగింది.

"నేనేం తప్పు చేశా, బాలమ్మా?" అంది మిషను దగ్గరికొచ్చి.

"కాహే బేటీ, ఎందుకంత జల్దీ? నలుగురితో నారాయణా అనాల. ఇంకొక్క ఏడాది బళ్ళో కూచున్నా తెలిసేది నీకు. అందరికన్నా ముందు చెయ్యెత్తే పిల్లని పక్క పిల్ల గిల్లతాది. నిన్నెవరూ గిల్లలే."

ఆ పూట నుంచే కుసుమ్ చేతులు బిగబట్టుకుని నెమ్మదిగా కుట్టింది. ఏం లాభం? పెంచిన టార్గెట్ దిగుతుందా? కొత్త లెక్క అందుకోలేక బాలమ్మ వెనకబడింది. శుక్రవారం ఆమెని ఇక రావద్దన్నారు. కత్తెర కొంగులో చుట్టుకుంటూ, "నీ మీద కోపం లేదులే, బేటీ" అంది. తిట్టినా బాగుండేదనిపించింది కుసుమ్‌కి.

ఇంటికొచ్చేసరికి రంగస్వామి మురిసిపోతూ ఎదురొచ్చాడు. "సూపర్‌వైజర్ నిన్నే మెచ్చుకున్నాడంట గదా! బడికి పోయినోళ్ళకి నీకన్నా ఏమొచ్చిందే?"

"గిల్లించుకోవడం వచ్చింది నాన్నా," అంది కుసుమ్ చెప్పులు విడవకుండానే. "నాకది రాలేదు. అందుకే బాలమ్మ పని పోయింది."