దుబాసీ చెప్పని ప్రశ్న

గత సోమవారం పొద్దున మా సోషల్ మాష్టారు పోయారు. ఆయన ఉంటున్న అద్దంకి నుంచి ఫోను వచ్చేసరికి కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాను. వెళ్లి చూస్తే, ఒకప్పుడు ఆయన్ని సభలోంచి బయటికి నడిపించిన గుంటూరు వ్యాపారే పెద్ద దండతో అందరికంటే ముందు నిలబడి ఉన్నాడు. "దూరం చూడగలిగిన మనిషమ్మా" అన్నాడు నాతో. ఏడుపు ఆగిపోయి ఒళ్లు మండింది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను.

హైస్కూల్లో ఆయన ప్రపంచపటాన్ని గోడకి తగిలించేవారు కాదు. నేలమీద పరిచి, చుట్టూ మమ్మల్ని కూర్చోబెట్టేవారు. గోడమీదైతే దేశాలే చూస్తారు, కింద పరిస్తే సముద్రాలు కనిపిస్తాయనేవారు. "నేలమీద గీత గీస్తే యుద్ధమవుతుంది. నీళ్లమీద దారి వేసుకున్నవాణ్ణి ఎవరూ అడగరు" అన్న మాట మాకు అప్పట్లో అర్థం కాలేదు.

పెళ్లయ్యాక నేనూ మా ఆయనా మిరప వేసుకుంటున్నాం. కొన్నేళ్ల కిందట మా కాయ కోసం చైనా నుంచి కొనుగోలుదారులు రావడం మొదలైంది. ఈ వ్యాపారి వాళ్ల తరఫున మా ఊరొచ్చి విత్తనం ఊరికే ఇచ్చాడు. పండింది వాళ్లకే అమ్మాలని కాగితం రాయించుకున్నాడు. రిటైరైన మాష్టారు మా ఇంటికొచ్చి మరీ వద్దన్నారు.

"కొనేవాడు ఒక్కడే అయితే అది బేరం కాదమ్మా, వాడి దయ."

నేను వినలేదు. మొదటి ఏడు మంచి ధరే వచ్చింది. రెండో ఏడు సరుకు వాళ్ల రేవులో దిగాక, రంగు చాలదని, ధర కోసేస్తున్నామని కబురొచ్చింది. ఊరు ఊరంతా కూలబడింది.

అప్పుడు గుంటూరు బ్రాడీపేటలో ఒక హోటల్లో రైతులతో ముఖాముఖి అని సభ పెట్టారు. విదేశీ అతిథులు వేదిక మీద, పక్కన మా మాటలు వాళ్ల భాషలో చెప్పే దుబాసీ. మాష్టారు లేచి నిలబడ్డారు.

"అయ్యా, కాయ రంగు చూసే యంత్రం మీది. మోసే ఓడ మీది. దించే రేవు మీది. తేడా వస్తే నష్టం మాత్రం మాదెట్లా అయింది?"

దుబాసీ రెండు ముక్కలు చెప్పాడు. అతిథులు నవ్వుతూ చప్పట్లు కొట్టారు.

"ఏం చెప్పావు బాబూ?"

"మీరు స్వాగతం పలికారని చెప్పానండి."

"నేనడిగింది చెప్పు."

వ్యాపారి దిగొచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు. "మాష్టారూ, పెద్దవారు, మా పరువు తీయకండి. వాళ్లు అలిగిపోతే మన గతేంటి?" అంటూ తలుపుదాకా నడిపించాడు. హాలు నిండా రైతులం. ఒక్కరూ లేవలేదు. నేనూ లేవలేదు. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

తిరుగు బస్సులో చైనావాళ్లను తిట్టబోయాను. ఆయన ఆపారు. "వాళ్ల దేశం పని వాళ్లు చేసుకుంటున్నారు. పక్కన శ్రీలంకలో రేవే కట్టించారు. ఇంత సముద్రం పెట్టుకుని చప్పట్లకు మురిసిపోయింది మనవాళ్లు. తిట్టాల్సింది ఎవర్నో ముందు తేల్చుకో."

ఆ మరుసటేడు నేను కాగితం మీద సంతకం పెట్టలేదు. రైతుల తరఫున రంగు చూసే యంత్రం ఒక్కటి పెట్టించమని ఆయన ఈ వ్యాపారితో సహా పెద్దలందరికీ అర్జీలు రాస్తూనే ఉన్నారు. ఎప్పుడూ చైనా యంత్రం గొడవేనని టీ కొట్లలో ఆయనకు 'చైనా మాష్టారు' అని పేరు పెట్టి నవ్వుకున్నారు. జవాబు రాకుండానే పోయారు. ఒక్క యంత్రం పెట్టించలేని ఆ వ్యాపారి చేతులు అంత పెద్ద దండ ఎలా మోశాయో నాకు తెలియదు.

పోయిన చలికాలం మాష్టారు నన్నూ ఊళ్లో కొందరు పిల్లల్నీ చీరాల దగ్గర ఒకప్పటి పెద్ద రేవు మోటుపల్లి తీసుకెళ్లారు. దూరదేశాల ఓడ వర్తకులకు అభయమిస్తూ కాకతీయ రాజు వేయించిన శాసనం అక్కడుంది. "చూశారా, అప్పుడు షరతులు మనం రాశాం" అన్నారు. తర్వాత ఒడ్డుకి నడిచాం. "రేవేది మాష్టారూ?" అని ఒక పిల్ల అడిగింది. ఆయన పంచె పైకి మడిచి నీళ్లలోకి దిగారు. చాలా దూరాన ఒక పెద్ద ఓడ ఉత్తరానికి పోతోంది. అల వెనక్కి వెళ్లినప్పుడల్లా పాదాల కింద ఇసుక జారి ఆయన కొద్దికొద్దిగా కుంగుతున్నారు. అయినా కదలకుండా, అటే చూస్తూ నిలబడ్డారు.