ఇసక మీద హాజరు

మా డ్రిల్లు మాస్టారు పోయారన్న కబురు మంగళవారం మూడో పీరియడ్‌లో వచ్చింది. ఆ పీరియడ్ ఆయనదే. సెలవులో ఉన్నారు కదా అని పదో తరగతికి నేను లెక్కలు చెబుతున్నాను. అటెండరు గుమ్మంలో నిలబడి, "మాస్టారు ఎల్లిపోనారండి" అన్నాడు. ఎక్కడికని అడగబోయి, అతని మొహం చూసి సుద్దముక్క కింద పెట్టేశాను.

వజ్రపుకొత్తూరు దగ్గర, సముద్రపు హోరు వినబడేంత దూరంలో మా హైస్కూలు. ఆటస్థలమంతా ఇసకే. ఆటల పీరియడ్‌కి ముందు మాస్టారు ఓ కొబ్బరి మట్ట పట్టుకుని ఆ ఇసకంతా నున్నగా ఈడ్చేవారు. పిల్లలు చెప్పులు గోడ వారన విడిచి దిగేవారు. గంట కొట్టి వాళ్ళు తరగతికి పోయాక, ఆయన ఒక్కరూ ఉండిపోయి అడుగులు చదివేవారు. పరిగెత్తినవాడి వేళ్ళు లోతుగా దిగుతాయి, మడమ అసలు పడదు. ఊరికే నిలబడ్డవాడి కింద ఒకే చోట గుంట పడుతుంది. ఎవరెంత కదిలారో తెలియడానికి ఆయనకి రిజిస్టరు అక్కర్లేదు.

నిజం చెప్పొద్దూ, ఆ చదువు చూస్తే నాకు జంకుగా ఉండేది. మిట్టమధ్యాహ్నం, పిట్ట కూడా ఉండదు. ఆయన ఖాళీ ఇసక వైపు చూసి, "ఈ బాబు ఇయ్యాల అన్నం తిన్నేదు" అనేవారు. ఇంకోచోట వంగి, "ఏటమ్మా, మద్దిలో ఆగిపోనావు?" అని అడిగేవారు. పిల్లలు నా కళ్ళెదురుగా తరగతిలో ఉండేవాళ్ళు, ఆయన వాళ్ళతో అక్కడ మాట్లాడుతుండేవారు. తరవాత వాళ్ళని కనుక్కుంటే అంతా నిజమే. బొంకబోయేవాళ్ళకి ఆయన చెప్పేది ఒకటే మాట: "నోరు అబద్దమాడతాది గానీ అరికాలు ఆడదురా."

నేనేమో పబ్లిక్ పరీక్షల పేరు చెప్పి ఆయన పీరియడ్లు లాక్కునేవాణ్ణి. ఈ చలికాలంలో వరసగా మూడు వారాలు లాక్కున్నాను. ఒకరోజు మాస్టారు మా తరగతి గుమ్మం దగ్గరికొచ్చారు.

"సార్, ఒక్క పీరియడ్ ఒగ్గీయండి. మూడో బెంచీ పిల్ల అడుగు సూడాల."

"అడుగులకి కూడా మార్కులు వేస్తారా మాస్టారూ?" అన్నాను. తరగతంతా నవ్వింది.

ఆయన నవ్వలేదు. "ఆ పిల్ల కిందటిసారి మూడో రౌండుకి కాలు ఈడ్సింది. పాదం ఎడల్పుగా పడింది. ఆ అడుగు నానెరుగుదును సార్" అని వెళ్ళిపోయారు.

నేను పీరియడ్ ఇవ్వలేదు. ఆయన ఊరుకోలేదు. ఆ సాయంత్రం గేటు ముందర ఇసక ఈడ్చి, పిల్లలందరినీ చెప్పులు చేత్తో పట్టుకుని దాటమన్నారు. మర్నాడే ఆ పిల్లనీ తల్లినీ ఆటోలో పలాస తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించారు. కిడ్నీ జబ్బంటే మా ఉద్దానం పల్లెల్లో చంటిపిల్లలకీ తెలుసు. అప్పుడే మొదలవుతోందట. ముందుగా పట్టుకున్నారు, మందులు వాడుతూ మెల్లగా ఆడుకోవచ్చు కూడా అన్నాడు డాక్టరు. "ఇంకొన్నాల్లు ఆగుంటే ఏటయ్యేదో బాబూ" అని ఆ తల్లి నాతోనే అంది. తల ఎక్కడ పెట్టుకోను?

ఆ తరవాత ఆయన పీరియడ్ జోలికి వెళ్ళలేదు, ఆయన సెలవు పెట్టేదాకా. బుద్ధి ఒక్కసారికే వస్తే నేనెందుకిలా ఉంటాను!

మాస్టారు పోయాక వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆయన భార్య చెప్పారు. "ఆరి కాళ్ళు రెండేళ్ళ నుంచీ వాసిపోతన్నాయండి. సూపించుకోమంటే, నా అడుగు నాను సూడనేను అనీవోరు." అప్పుడు గుర్తొచ్చింది. ఆటయ్యాక వెనక్కి వస్తూ, తన అడుగుల మీద మాత్రం ఆయన మట్ట ఈడ్చుకుంటూ వచ్చేవారు. అదేదో శుభ్రమనుకున్నాను. ఊరి పిల్లలందరి పాదాలూ చదివిన మనిషి పక్కనే ఉన్నాడు. నేనొక్కసారి ఆయన కాళ్ళ వైపు చూసి ఉంటే!

దినాలు అయ్యాక ఆటల పీరియడ్ వచ్చింది. పుస్తకం స్టాఫ్‌రూంలో పెట్టేసి, మట్ట పట్టుకుని ఇసకంతా నేనే ఈడ్చాను. పిల్లలు పరిగెత్తారు. ఆ మూడో బెంచీ అమ్మాయి అందరికన్నా వెనక, మెల్లగా, అయినా పరుగే. గంట కొట్టాక చూడబోతే నాకు ఒక్క అక్షరం అర్థమైతే ఒట్టు. ఆ అమ్మాయి అడుగులు మాత్రం, అందరి వెనకా పడ్డవి కనక, వెతికి పట్టుకున్నాను. ఆఖరి రౌండు దాకా వేళ్ళు దిగి ఉన్నాయి.

మలుపు దగ్గర, వాలీబాల్ స్తంభం పక్కన, ఆ అడుగులు హఠాత్తుగా పక్కకి తిరిగాయి. ఆ అమ్మాయివే కాదు, అందరివీ. మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు, నేను ఈడ్చింది ఈడ్చినట్టే ఉంది. ఒక్క కాలి ముద్ర లేదు.

చెప్పులేసుకుంటున్న ఆ అమ్మాయిని పిలిచి, "అక్కడ ఎందుకమ్మా అందరూ చుట్టూ తిరిగారు?" అన్నాను.

నేనేమీ తెలియనివాణ్ణన్నట్టు చూసింది. "మాస్టారు నిల్సునే చోటు గదండీ. తిన్నగా ఎల్తే ఆరిని గుద్దీమా?" అని తరగతికి పరిగెత్తింది.

బడిలోకి నాకూ అదే దారి. నేనూ చుట్టూ తిరిగే వెళ్ళాను.