హ్యూరాన్ సరస్సులో మునిగిన నా ఓడ

హ్యూరాన్ సరస్సు ఒడ్డున ఉన్న సార్నియా ఊళ్ళో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా లోపలి నుంచి తెలుగులో "ఎవరూ?" అని వినిపించే కాలమది. కాలేజీ అయిపోయింది, వర్క్ పర్మిట్ చేతికొచ్చింది, ఉద్యోగం మాత్రం రాలేదు. అప్లై చేసిన ప్రతి కంపెనీ ఎంతో మర్యాదగా వద్దనేది. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే పెట్టె సర్దుకోవడమే. ఊరికే కూర్చోవడం మా వంశంలో లేదు (నిజానికి ఉంది, ఒప్పుకునే అలవాటే లేదు). అందుకని ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు అమ్ముతుంటే ఒక మెటల్ డిటెక్టర్ కొనుక్కొచ్చి, సరస్సు ఒడ్డున ఇసుక మీద తిప్పడం మొదలుపెట్టాను. హ్యూరాన్‌లో మునిగిన ఓడలు బోలెడని విన్నాను. వాటిలో ఒకటి ప్రత్యేకించి నా కోసమే మునిగిందని నా నమ్మకం.

సోడా మూతలు, వంగిపోయిన ఫోర్కులు దాటాక, ఒకనాటి ఉదయం నల్లబడిన నాణేలు దొరికాయి. ఆ నలుపు కింద తామరపువ్వు రేకులు లీలగా కనిపించాయి. ఇండియా నుంచి వచ్చిన ఓడే! నేను ఇల్లు చేరేసరికి దానికో కెప్టెన్ పుట్టాడు, కుక్కర్ కూత వేసేసరికి ఆ కెప్టెన్‌కి ఒక కన్ను పోయింది.

"ఇండియా ఓడ ఈ చెరువుల ఎట్ల పడ్డదన్నా?" అన్నాడు లాయరు. (మా రూమ్మేటు. కరీంనగర్ కుర్రాడు. లా చదవలేదు, వాదిస్తాడంతే.)

"దారి తప్పిందిరా."

"ఎన్ని సముద్రాలు తప్పిందే?"

వాడి నోరు మూయించాలంటే నాణేలు మెరవాలి. పూజసామాన్లు తోమినట్టు తోముదామని, పైన ఉండే ఇంటి ఓనర్ ఆంటీ దగ్గర చింతపండు అడిగి తెచ్చాను. కాసేపటికి ఆవిడే మెట్లు దిగి వచ్చారు.

"చింతపండు పట్టుకెళ్ళి ఇంతసేపయింది, పోపు వాసన రాదేంటర్రా?" అంటూ గిన్నెలోకి తొంగిచూసి, "అయ్యో, ఇవి నావే కదా! ఇరవై పైసలు. రాజమండ్రిలో గోదావరి దాటేటప్పుడు వేసినట్టు, వాకింగ్‌కి వెళ్ళినప్పుడల్లా ఇక్కడా వేస్తున్నాను" అన్నారు.

"చెల్లని పైసలా ఆంటీ?" లాయరు క్రాస్ ఎగ్జామినేషన్.

"చెల్లకపోవడం మనకి. గంగమ్మకేం?" అని ఆవిడ నా వైపు తిరిగారు. "నీ ఉద్యోగం కోసమే మొక్కుకుని వేశాను. నువ్వే తవ్వుకొచ్చేస్తే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? పద, కారెక్కు!"

ఆ మధ్యాహ్నమే చింతపండు పులుపుతో సహా నా ఓడనంతా నీళ్ళలోకి విసిరేశాను. ఆంటీ విసురు ఒడ్డు దాటదని, ఈసారి బాగా లోతుకి.

వారం తిరక్కుండా, రెండు గంటల దూరంలో ఉన్న గ్వెల్ఫ్‌లో ఒక ఫ్యాక్టరీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. పొద్దున్నే అక్కడుండాలి. బస్సు లేదు, నాకు కారు లేదు. హైవే పేరెత్తితేనే వణికే ఆంటీ తాళాలు తీసుకుని బయల్దేరారు. పక్కనుంచి లారీ వెళ్ళిన ప్రతిసారీ "దుర్గమ్మా!" అని ఒక కేక. ఆ కేకల మధ్య నేను చదువుకున్నదంతా మరిచిపోయాను. ఇంటర్వ్యూ ముగించి బయటికొస్తే, పార్కింగ్‌లో పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని, చలికి కారు అద్దాలు మూసుకుని కూర్చుని ఉన్నారు. ఎలా చేశావని అడగలేదు. "ముందు తిను" అన్నారు.

ఉద్యోగం వచ్చింది. అదంతా గంగమ్మ దయేనని ఆంటీ నేటికీ వాదిస్తారు. నేను ఎదురు చెప్పను గానీ, నన్ను గ్వెల్ఫ్ దాకా దింపింది గంగమ్మ కాదని నాకు తెలుసు.

ఇప్పుడు మార్కమ్‌లో ఉంటున్నాను. హైవే మీద లారీ పక్కకొస్తే నా నోటివెంట కూడా "దుర్గమ్మా!" అని వచ్చేస్తుంది. వెనక సీట్లోంచి మా అమ్మాయి "హూ ఈజ్ దుర్గమ్మ, డాడీ?" అంటుంది.

"సార్నియాలో ఉంటుందమ్మా. బేస్‌మెంట్ అద్దెకిస్తుంది" అంటాను.