పద్మజ గీతలో దాక్కున్న నా ఆలస్యం

ఏళ్లుగా మోస్తున్నానండీ దీన్ని. ఇవాళ మీ ముందు దించేస్తున్నాను. దించుతానని అనుకోగానే సగం తేలికైంది. పేరడక్కండి. మా ఆఫీసులో కోతలరాయుడెవరంటే నన్నే చూపిస్తారు. కృష్ణలో గాలానికి పడ్డ చేప నన్నే భవానీపురం దాకా లాక్కెళ్లిందని చెప్తే, నవ్వుతూనే నమ్మేసేవాళ్లు.

బెంజ్ సర్కిల్ దగ్గర చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు మాది. వన్ టౌన్ చీరల హోల్‌సేల్ షాపులకి ఆర్డర్ల సైటు చేశాం. ఆర్డరు తీసుకునే భాగం నా పక్క సీటు పద్మజది. సరుకుందో లేదో చూసి దానికి చెప్పే భాగం నాది. సైటు నత్తలా ఉందని షాపులవాళ్ల గోల. ఎక్కడ ఆగుతోందో తేల్చడానికి ట్రేసింగ్ పెట్టమన్నారు మా సారు. ఏ పనికి ఎంతసేపు పట్టిందో గీతలుగా చూపించే ఏర్పాటది. దాన్ని మొదలుపెట్టే లైను కోడులో అన్నిటికంటే పైన ఉండాలి. నేను నా భాగం లోడయ్యాక, కింద పెట్టాను. అప్పటికది పొరపాటే. నా భాగానికి గీతే రాలేదు. నా జవాబు కోసం ఎదురుచూసిన సేపంతా పద్మజ గీతలో కలిసి, అది బారెడైంది.

మీటింగులో తను ఆ గీత చూసి, "అదేంటన్నయ్యా, నా దగ్గర అంత పనే లేదే!" అంది.

"పని లేకే కునుకు తీస్తోందేమోనమ్మా నీ కోడు!" అన్నాను.

సారుతో సహా అందరూ పగలబడి నవ్వారు.

ఆ మధ్యాహ్నమే లైను సంగతి చూశాను. నా కంప్యూటర్లో పైకి జరిపి చూస్తే, ఆ పొడుగంతా నాది. ఒక్కో చీరకీ విడివిడిగా డేటాబేసుని అడుగుతూ ఆలస్యం చేస్తోంది నా కోడు. పక్క సీటే కదా, చెప్పొచ్చుగా? భయపడ్డానా? ఏమో. అంతమందిని నవ్వించిన మాటని వెనక్కి తీసుకుంటే, ఈసారి నన్ను చూసి నవ్వుతారని అనిపించి నోరు మూసుకున్నాను.

ఆలస్యం తనదేనని పద్మజని ఫిర్యాదుల ఫోన్లెత్తడానికి వేశారు. నేను చప్పుడు చెయ్యకుండా నా కోడు సరిచేసుకున్నాను. సైటు పరిగెత్తింది. "చూశారా, మనిషిని మార్చగానే!" అన్నారు సారు. నేను తలూపాను. అదిగో, ఆ తలూపడమే ఇన్నాళ్లూ నన్ను తినేసింది.

"నాకీ పని రాదేమో అన్నయ్యా" అని నాతోనే అని, తను మానేసింది.

వచ్చమ్మా. నాకంటే బాగా వచ్చు. ఆలస్యం నాది.

ఇది చదివి తను తిడితే తిట్టనివ్వండి, తిట్టాలి కూడా. నేను మాత్రం హమ్మయ్య అనుకుని కుర్చీలో వెనక్కి వాలాను.