నీళ్ళు తాగే ఎపిసోడ్

తిరుమలరావు మావ నవల రాశాడంటే మా ఊళ్ళో సగం మంది ఇప్పటికీ నమ్మరు. కొబ్బరి, జీడి తోటలు చేసుకునే రైతు. పదో తరగతి దాటలేదు. నేనూ డిగ్రీ మధ్యలో వదిలేసి ఆటో తోలుతున్నవాణ్ణే కాబట్టి చదువు సంగతి ఎత్తను. నిజానికి ఆయన రాయలేదు, చెప్పాడు. పలాసలో డయాలసిస్ మంచం మీద, ఎడమ చేతికి రెండు గొట్టాలు తగిలించుకుని, నాలుగు గంటలు కదలకుండా పడుకుని చెప్పాడు. అన్నకూతురు లావణ్య పక్కనే స్టూలు మీద కూర్చుని ఫోన్లో టైపు చేసి, ఒక కథల యాప్‌లో పెట్టేది.

సోమవారం, గురువారం నా ఆటోలోనే వెళ్ళేవాళ్ళు. దారిలో పక్కూరి మలుపు దగ్గర రత్నాలమ్మ ఎక్కేది. ఆమెదీ అదే జబ్బు, అదే వార్డు, మావ పక్క మంచం. వాళ్ళని దింపి బయట ఎండలో ఉండలేక నేనూ లోపలే కూర్చునేవాణ్ణి.

కథేమిటంటే, ఒక రాజ్యంలో నీళ్ళన్నీ మాంత్రికుడి శాపంతో చేదెక్కిపోతాయి. నీలవేణి అనే గుంట (మా వైపు ఆడపిల్లని అలాగే అంటాం) తీపినీటి బావిని వెతుక్కుంటూ కొండలు దాటి పోతుంటుంది. మాంత్రికుడు వెంటపడతాడు. ఇందులో కొత్తేం లేదు. కొత్తదల్లా మావ చెప్పే తీరు. ఆయనకి తొందర లేదు. ఒక భాగమంతా నీలవేణి రాళ్ళ సందున ఊట చూసి నీళ్ళు తాగడమే. దోసిలి పట్టడం, మోచేతి మీంచి నీళ్ళు కారడం, చల్లదనానికి పళ్ళు జివ్వుమనడం, గొంతులోంచి కడుపు దాకా ఆ చలవ దిగడం.

ఎక్కువ తాగితే ఒంట్లో నీరు చేరి, బరువు పెరిగి ఆయాసం వస్తుందని, రోజుకి ఇన్నే నీళ్ళని గ్లాసుతో కొలుచుకు తాగేవాళ్ళు ఆ వార్డు నిండా. ఒక్కరూ దగ్గలేదు.

"ఒరే తిరుమలా, ఇంకో దోసిలి తాగించరా ఆ గుంటకి" అంది రత్నాలమ్మ.

"తాగీసిందప్పా. కడుపు నిండిపోనాది."

"అప్పుడేనా? మళ్ళీ దాహం ఎయ్యదేటి? తాగించు."

నర్సమ్మ నవ్వింది. "తాగించండి, కథలో ఎంత తాగినా బరువు పెరగరు."

ఆ భాగానికి యాప్‌లో పడినన్ని తిట్లు దేనికీ పడలేదు. 'నీళ్ళు తాగడానికి ఎపిసోడ్ మొత్తమా? స్కిప్ చేశా.' 'మాంత్రికుడు వెనకాల వస్తుంటే హీరోయిన్ ఇంత తాపీగా ఎలా ఉంటుంది బ్రో?' 'స్టోరీ ఓకే, కానీ బాగా లాగ్.' లావణ్య ఆపుతున్నా మావ అన్నీ చదివించుకున్నాడు.

"ఈ గుంటడికి ఎప్పుడూ దాహం ఎయ్యలేదే" అన్నాడు చివరికి.

"సిన్నాన్నా, నీకు ఒంట్లో బాగోదని ఒక ముక్క పెట్టీనా? అప్పుడు తిట్టరు."

"పెడితే నన్ను సదువుతారు, కథని కాదు. ఒద్దు."

అయినా ఆ మాటలు ఆయన్ని పట్టుకున్నాయి. ఒక పాఠకుడు మర్యాదగానే రాశాడు: 'ప్రతి ఎపిసోడ్ సస్పెన్స్ దగ్గర ఆపండి సార్. లేకపోతే తర్వాతది ఎవరు చదువుతారు?' కొనేవాడు అడిగిన సరుకు ఇవ్వాలి కదా అనుకున్నాడు మావ. అక్కణ్ణించి కథకి కాళ్ళొచ్చాయి. పాములు, బాణాలు, తెగిపోయే తాళ్ళ వంతెన. ప్రతి భాగమూ ప్రాణం మీదికి వచ్చిన చోటే ఆగేది. స్టార్లు పెరిగాయి. మూల మంచం మీది మోహనకృష్ణ, జీడి ఫ్యాక్టరీ కుర్రాడు, "ఇప్పుడు పడింది మావా గేరు" అన్నాడు. రత్నాలమ్మకి మాత్రం నచ్చలేదు. "ఏటిరా ఈ పరుగు? గుంటకి ఆయాసం రాదేటి?"

ఒక గురువారం నీలవేణి గుహలోకి వచ్చేసింది. బావి మీద పెద్ద బండరాయి. రాయి మీద చెయ్యి వేసింది. వెనక మాంత్రికుడి నీడ. మావ అక్కడ ఆపేశాడు. మిషన్ మీద ఇంకా అరగంట ఉంది, తర్వాత జరిగేదీ ఆయనకి తెలుసు.

"రాయి తీసిందా నేదా? అది సెప్పీరా."

"సెప్పీత్తే మజా ఉండదప్పా. సోమారం."

తిరుగుదారిలో ఆటోలో మళ్ళీ అడిగింది. "నా సెవిలో సెప్పు. ఎవలికీ సెప్పన్లే."

"రూలంటే రూలే" అని నవ్వాడు మావ. ఆమె చిన్నపిల్లలా మూతి తిప్పుకుని, మలుపు దగ్గర దిగి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

సోమవారం మలుపు దగ్గర ఎవరూ లేరు. హారన్ కొట్టాను. కాసేపటికి రత్నాలమ్మ కోడలు అనిత వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఆయాసం వచ్చీసింది. శ్రీకాకుళం తీసుకెళ్తంటే, కోటబొమ్మాళి దాటేసరికి ఎలిపోయింది."

అనిత ఆటో కడ్డీ పట్టుకుని నిలబడింది. "ముందురోజంతా నన్ను పీకింది, గుంట రాయి తీసుంటాదా అని. నాకేటి తెలుసు? తీసుంటాదిలే అత్తా అన్నాను. నివ్వు సెప్తే కాదు, ఆడు సెప్పాల అన్నాది."

"తీసింది" అన్నాడు మావ. "తీసిందమ్మా."

ఆమె తలూపింది. మాకు టైమైపోతోంది. మిషన్ మన ఏడుపు కోసం ఆగదు. ఆటో కదిలించాను.

ఆ రోజు పక్క మంచం మీద ఇంకెవరినో పడుకోబెట్టారు. లావణ్య ఫోన్ తీస్తే మావ వద్దన్నాడు. తర్వాత చాలా రోజులు కథే లేదు. యాప్‌లో 'ఊరించి పారిపోయాడు' అన్నారు. అప్పుడొకరోజు లావణ్యని ఫోన్ తియ్యమన్నాడు. మొదటి వాక్యంలోనే రాయి లేచిపోయింది. నీడా లేదు, యుద్ధమూ లేదు. నీలవేణి తాగింది. తాగుతూనే ఉంది.

'అర్జెంటుగా ముగించేశారేంటి సార్? ఇంకా నాలుగు ఎపిసోడ్లు రావాల్సిన క్లైమాక్స్!' 'మళ్ళీ నీళ్ళు తాగడమేనా?' లావణ్య ఫోన్ ఒళ్ళో పడేసి ఏడ్చింది.

"ఏడవకే. సరిగ్గానే రాసినారు" అన్నాడు మావ. "ఆల్లకి వచ్చే వారం ఉంది."

ఆ తర్వాత ఇంకో కథ మొదలెట్టాడు. "రాజుగారబ్బాయి ఇంటికి తిరిగొచ్చీసినాడు. బతికే ఉన్నాడు. ఆ సంగతి ముందే సెప్పీసినాను, ఇంక మొదట్నించి వినండి." ముగింపు తెలిసిన కథ ఎవడు చదువుతాడు? యాప్‌లో దాదాపు అందరూ పోయారు. మావ పట్టించుకోలేదు. రాజకుమారుడు అడవిలో చెట్టు చెట్టుకీ ఆగుతూ నడిచాడు.

మొన్న వానాకాలంలో మావ పోయాడు. ఆ అబ్బాయి ఇంకా అడవి మధ్యలోనే ఉన్నాడు.

లావణ్య ఇప్పుడు రావడం లేదు. నా ఆటోలో వేరేవాళ్ళు ఎక్కుతున్నారు. ఈమధ్య కొత్తగా చేరిన ఉమామహేశ్వరి, మొదటిసారి గొట్టాలు చూసి వణికిపోతుంటే, మోహనకృష్ణ ఆమెకి రాజుగారబ్బాయి కథ చెప్పడం మొదలెట్టాడు. మావ ఆపిన చోటికి వచ్చి ఆగిపోయాడు.

"తరవాతేటయ్యింది?" అందామె.

"ఇంటికొచ్చీత్తాడు, భయపడకు. ఎలాగొచ్చినాడో మాకూ తెలీదు" అన్నాడు వాడు. "నివ్వే నడిపించు. మెల్లగానే నడిపించు, ఇంకా మూడు గంటలుంది."